దేన్ని తట్టుకొంటుంది, ఎంతవరకు తట్టుకొంటుంది? - పంటల జన్యుశాస్త్రవేత్తలకు ఒక రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాస్త్రవేత్తలకు,

తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలోను, పెరుమాళ్లపల్లె కేంద్రంలోను, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు ఇతర పరిశోధన స్థానాలలోను పంట మొక్కల జన్యువుల మీద పనిచేస్తున్న మీ అందరికీ, చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గరి ఒక పల్లె నుంచి నమస్కారాలు.

నేను 31 సంవత్సరాలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మెండెల్ బఠాణీ మొక్కలనూ, మూడుకు ఒకటి అన్న నిష్పత్తినీ నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు. ఇప్పుడు మా నాయన వదిలివెళ్లిన ఏడెకరాలు చూసుకుంటున్నాను. అందులో ఐదెకరాలు వానను నమ్ముకున్న మిట్ట, శెనక్కాయ వేస్తాము. రెండెకరాలు బోరు కింద ఉంది, అందులో టమోటా. మీకు శాస్త్రం చెప్పేంతటి వాడిని కాను. మీ పరిశోధన పత్రాలలో ఉండే మాట మా ఊరి రైతు చెవికి చేరేలోగా ఎంత అరిగిపోతున్నదో రెండు వైపులా నిలబడి చూసినవాడిగా మాత్రమే ఈ లేఖ రాస్తున్నాను.

మూడేళ్ల కిందట నేను ఒక నర్సరీలో టమోటా నారు కొన్నాను. అది వైరస్‌ను తట్టుకొనే రకమని అక్కడివారు చెప్పారు, విత్తనపు డబ్బా మీద కూడా అదే మాట అచ్చయి ఉంది. అంతకు ముందు రెండు పంటలు తెల్లదోమ తెచ్చిన ఆకుముడతతో పోయి ఉండడంతో, మొక్కకు కొంత ధర ఎక్కువైనా ఆలోచించకుండా రెండెకరాలకూ అదే తెచ్చి నాటించాను. నెల దాటింది, ఒక్క ఆకు కూడా ముడుచుకోలేదు. ఆ తరువాత లేత ఆకుల మీద రాగి రంగు తిరిగింది, కొమ్మల చివర్లు నల్లబడి ఎండాయి, పట్టిన కొద్ది కాయల మీద ఒకదానిలో ఒకటి గీసినట్టు వలయాలు వచ్చాయి. చూడడానికి వచ్చిన వ్యవసాయాధికారి కొమ్మ తుంచి చూసి, ఇది ఆకుముడత కాదు, తామర పురుగులు మోసుకొచ్చే మొవ్వుకుళ్ళు అన్నారు. మొక్కలు నిజంగానే ఆకుముడతను తట్టుకొన్నాయి, నర్సరీవారు చెప్పినదానిలో అబద్ధమేమీ లేదు. డబ్బా మీద ఉన్న మాటలో ఏ వైరస్ అన్నది మాత్రమే లేదు. ఆ ఒక్క లోపానికి నాకు రెండెకరాల పంట పోయింది.

ఆ మొవ్వుకుళ్ళు వైరస్‌కు శాస్త్రంలో ఉన్న పేరు వేరుశనగ మొవ్వుకుళ్ళు వైరస్ అని తరువాత చదివి తెలుసుకున్నాను. గట్టుకు ఇటు టమోటా, గట్టుకు అటు శెనక్కాయ వేసుకొనే మా ప్రాంతంలో రెండు పంటలకూ శత్రువు ఒక్కటే అన్న సంగతి, 31 ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన నాకే అప్పటివరకు తెలియదు. మరి డబ్బా మీద అచ్చయిన మాటను మాత్రమే చదువుకొనే మా పొరుగు రైతుకు ఎలా తెలుస్తుంది?

ఆకుముడతను అడ్డుకొనే గుణం టమోటాకు తన సొంతం కాదు. దక్షిణ అమెరికా పడమటి తీరపు అడవి టమోటా జాతుల నుంచి ప్రజననకారులు (సంకరాలు చేసి కొత్త రకాలు తయారుచేసేవారు) దాన్ని సాగు రకాలలోకి దించారు. టీవై-1, టీవై-3 అని పిలుస్తూ వచ్చిన జన్యువులు నిజానికి ఒకే జన్యువుకు రెండు రూపాలని 2013లో తేలింది. వైరస్ జన్యుపదార్థాన్ని మొక్క తనంతట తాను నోరు మూయించే ప్రక్రియకు అవి బలమిస్తాయి. టీవై-2 మరొక అడవి జాతి నుంచి వచ్చింది, దాని పని తీరు వేరు. ఆకుముడత అని మనం ఒక్క పేరుతో పిలిచే తెగులు వెనుక ఉన్న వైరస్‌లు కూడా ఒకటి కాదు, ఒక జన్యువు అన్నింటి మీదా ఒకేలా పనిచేయదు. ఇక తామర పురుగులు తెచ్చే వైరస్‌ల కుటుంబమే వేరు. వాటి మీద పనిచేసే జన్యువుగా పేరుపడ్డ ఎస్‌డబ్ల్యూ-5 కూడా ప్రధానంగా అమెరికా ఖండాలలోని వైరస్‌లను గుర్తుపట్టేదే. మన నేల మీది మొవ్వుకుళ్ళు వైరస్‌ను అది ఆపుతుందని లెక్క వేసుకోవడానికి లేదు. ఇంత కథ ఉన్న విషయాన్ని "వైరస్‌ను తట్టుకొంటుంది" అన్న రెండు మాటలలో మూటగట్టి రైతు చేతిలో పెడుతున్నాము.

ఆ రెండు మాటలలో కూడా రెండోదాని మీద నాకు పేచీ ఉంది. మీ భాషలో నిరోధించడం వేరు, తట్టుకోవడం వేరు. నిరోధించే మొక్కలో వైరస్ పెరగలేదు. తట్టుకొనే మొక్క వైరస్‌ను ఒంట్లో పెట్టుకొనే పచ్చగా నిలబడి, కాయలు ఇస్తుంది. ఆ చేను వేసిన రైతుకు రెండింటికీ తేడా కనిపించకపోవచ్చు కాని, పక్క చేను రైతుకు తప్పక కనిపిస్తుంది. ఎందుకంటే పచ్చగా ఉన్న ఆ మొక్క మీద వాలిన తెల్లదోమ అక్కడి నుంచి వైరస్‌ను మోసుకొని వచ్చేది అతని చేలోకే. తెలుగు కరపత్రాలలో మాత్రం రెండింటికీ ఒకటే మాట వాడుతున్నారు. వేరుశనగలో తిక్క ఆకుమచ్చకూ తుప్పు తెగులుకూ మీరు 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారని నాకు తెలుసు. 1 అంటే మచ్చ లేని మొక్క, 9 అంటే ఆకంతా మాడిపోయిన మొక్క. ఇన్ని మెట్లు ఎక్కి దిగి మీరు రాసుకొన్న అంకె, మా దగ్గరికి వచ్చేటప్పటికి అవునో కాదో అన్నట్టుగా మిగులుతోంది.

మీ పరిశోధన మీద నాకు నమ్మకం లేక ఈ మాటలు రాయడం లేదు. ఈ గడ్డ మీదే జరిగిన పని ఒకటి నా నమ్మకానికి ఆధారంగా ఉంది. 1975-76 ప్రాంతంలో శ్రీకాళహస్తి చుట్టుపక్కల శెనక్కాయ చేలలో ఒక వింత జబ్బు కనిపించింది. మొక్కలు గిడసబారి, ఆకు మామూలు కంటే ముదురు పచ్చగా ఉండేది. పీకి చూస్తే ఊడల (పువ్వు నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడల) మీద, లేత కాయల మీద గోధుమ రంగు మచ్చలు, కాయ తొక్క నల్లబడడం. దానికి కారణం కంటికి కనిపించని నులిపురుగు అని శాస్త్రవేత్తలు తేల్చారు. ప్రపంచ సాహిత్యంలో ఆ తెగులుకు ఈనాటికీ మన ఊరి పేరే ఉంది, కాళహస్తి తెగులు అని. (స్వామి పేరు నులిపురుగుకు పెట్టారేమని మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు, జవాబు చెప్పలేకపోయాను.) ఆ తెగులును తట్టుకొనే వేరుశనగ రకం తిరుపతిలోనే తయారై, కాళహస్తి అన్న పేరుతోనే బయటికి వచ్చింది. జబ్బు ఎక్కడ పుట్టిందో అక్కడి మట్టిలోనే రకాలను నిలబెట్టి, ఏది బతికిందో చూసి ఎంచుకున్న పని అది. జన్యుపటాలు, గుర్తుల సాయం ఏదీ లేని రోజులలో జరిగిన ఆ పనిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది: దేన్ని తట్టుకొంటుంది అన్న ప్రశ్నకు జవాబు రకం పేరులోనే ఉంది.

ఇప్పుడు మీ చేతిలో అప్పటికంటే ఎంతో పదునైన పనిముట్లు ఉన్నాయి. సాగు వేరుశనగ దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు ఒక్కసారి కలిసి, క్రోమోజోములు రెట్టింపై పుట్టిన మొక్క. 20 క్రోమోజోముల తల్లిదండ్రులకు 40 క్రోమోజోముల బిడ్డ. ఆ లెక్క కుదరకపోవడం వల్ల తన అడవి చుట్టాలతో సులభంగా కలవలేక, వేల సంవత్సరాలుగా ఇరుకైన జన్యుసంపదతోనే బతుకుతోంది. తెగుళ్లను అడ్డుకొనే గుణాలు దానిలో తక్కువగా ఉండడానికి ఇదే మూలం. ఆ ఇద్దరు పూర్వీకుల జన్యుక్రమం 2016లోను, సాగు వేరుశనగ జన్యుక్రమం 2019లోను వెలువడ్డాయి. అంతకు ముందే, బొలీవియా ప్రాంతపు అరాకిస్ కార్డెనాసియై అనే అడవి జాతితో చేసిన సంకరాల నుంచి ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లను అడ్డుకొనే గుణం ఎన్నో దేశాల రకాలలోకి చేరింది. మన పక్కన ధార్వాడలో తయారైన జీపీబీడీ-4 కూడా ఆ వంశానిదే. దానిలో తుప్పు తెగులు విషయంలో కనిపించే తేడాలో 80 శాతానికి పైగా క్రోమోజోము మీది ఒకే ప్రాంతానికి చెందుతుందని తేల్చి, జన్యు గుర్తుల (ఆ ముక్క మొక్కలో ఉన్నదీ లేనిదీ పట్టిచ్చే డీఎన్‌ఏ ఆనవాళ్ల) సాయంతో ఆ ముక్కను మాత్రమే జేఎల్-24, టీఏజీ-24 వంటి రకాలలోకి హైదరాబాదు దగ్గరి అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌వారు చేర్చారు. ఆ ఫలితాలు 2014లో ప్రచురించారు. చేనులో తెగులు వచ్చేదాకా ఎదురుచూడకుండా, మొలక ఆకు ముక్కను పరీక్షించి ఏ మొక్కను ఉంచాలో ఏది పీకేయాలో తేల్చుకోగలగడం నా చిన్నతనంలో ఎవరూ ఊహించనిది.

అయితే తుప్పు తెగులు సులభమైన లెక్క. ఒక పెద్ద జన్యుప్రాంతం దొరికింది, దాన్ని చేర్చారు. 2000 సంవత్సరపు ఖరీఫ్‌లో మన పొరుగు అనంతపురం జిల్లాలో వచ్చిన కాండం కుళ్ళు వైరస్ తెగులు అలాంటిది కాదు. దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్ల వేరుశనగ దాని బారిన పడింది, నష్టం 300 కోట్ల రూపాయలకు పైమాటే అని అంచనా వేశారు. పొగాకులో చారలు తెచ్చే వైరస్ అది. గట్ల మీద పెరిగే వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడిలో దాగి, తామర పురుగుల వెంట శెనక్కాయ లేత ఆకుల మీదికి చేరుతుంది. సాగు రకాలలో దాన్ని గట్టిగా అడ్డుకొనే గుణం దొరకలేదు, అడవి జాతులలో కొన్నింటిలో మాత్రం కనిపించింది. గట్ల మీద వయ్యారిభామ పీకండి, చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న వేయండి అన్న సలహాతో మేము కాలం గడుపుతున్నాము. సలహా మంచిదే. కాని పీకిన వయ్యారిభామ రెండో వానకు మళ్లీ మొలుస్తుందని మీకూ తెలుసు, మాకూ తెలుసు. అడవి జాతులలోని ఆ గుణాన్ని మన రాయలసీమ రకాలలోకి తెచ్చే పని సులభం కాదని, ఏళ్లు పడుతుందని ఒప్పుకొంటూనే, అది ఎంతవరకు వచ్చింది, ఎక్కడ చిక్కుపడింది అన్న మాట అప్పుడప్పుడైనా మాకు చెప్పమని అడుగుతున్నాను. సాధించినప్పుడే కబురు పంపాలన్న నియమం ఏమీ లేదు కదా.

తెగుళ్ల సంగతి అలా ఉంచి బెట్ట దగ్గరికి వస్తాను. నా ఐదెకరాలకు అసలు సమస్య అదే.

"బెట్టను తట్టుకొనే రకం" అన్న మాట విన్నప్పుడల్లా మా ఊరివాళ్లు ఏ బెట్ట అని అడుగుతారు. ఆ ప్రశ్న వేళాకోళం కాదు. శెనక్కాయ మొలిచిన మూడు వారాలదాకా కొంచెం బెట్ట పడితే నష్టం లేకపోగా, ఆ తరువాత వచ్చిన పదునుకు పూత ఒక్కసారిగా వచ్చి కాయ సమంగా కడుతుంది. మా పెద్దలు చెప్పే ఈ సంగతిని 1980లలోనే ఇక్రిశాట్ ప్రయోగాలు కూడా నిరూపించాయి. అదే బెట్ట ఊడలు దిగే వేళ వస్తే, గట్టిపడిన నేలలోకి ఊడ చొరబడలేక గాలిలోనే ఎండిపోతుంది. కాయ ఊరే చివరి నెలలో వస్తే దిగుబడి పోవడమే కాక, నేలలోని ఆస్పర్జిల్లస్ బూజు కాయలోకి దిగి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది; యూరప్ దేశాలు నేరుగా తినే వేరుశనగలో ఆ విషం వంద కోట్ల వంతులలో 4 వంతులకు మించితే తీసుకోవు. ఒకే మాటలో మూడు వేర్వేరు కష్టాలు ఉన్నాయన్నమాట. ఒకదానికి పనికొచ్చే గుణం మరొకదానికి పనికిరాకపోవచ్చు. లోతుగా వేరు దించే మొక్క ఎర్ర గరుసు నేలలో అడుగున్నరకే బండ తగిలితే ఏం చేస్తుంది?

బెట్టకు తుప్పు తెగులులా ఒక పెద్ద జన్యుప్రాంతం లేదని, చిన్న చిన్న ప్రభావాలు చూపే అనేక ప్రాంతాలు కలిసి పనిచేస్తాయని మీ పత్రాలే చెబుతున్నాయి. ఒక్క జన్యువుతో పని తేల్చాలన్న ప్రయత్నమూ జరిగింది. అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్క నుంచి తీసిన డ్రెబ్ జన్యువును జేఎల్-24 వేరుశనగలో ప్రవేశపెట్టి, నీటిని పొదుపుగా వాడే మొక్కలను ఇక్రిశాట్‌లో తయారుచేశారు. పరిశోధనగా అది విలువైనదే, మొక్క లోపలి సంగతులు ఎన్నో దాని వల్ల తెలిశాయి. కాని ఆ విత్తనం మా చేలకు రాలేదు. మరోవైపు, ఆకు పచ్చదనాన్ని కొలిచే చిన్న పరికరం చేతబట్టుకొని వేల మొక్కల మధ్య తిరిగి, తక్కువ నీటితో ఎక్కువ బరువు కట్టే మొక్కలను ఎంచుకొనే నిదానపు పద్ధతి ఒకటి ఉంది. 1940 నాటి టీఎంవీ-2 దశాబ్దాలపాటు ఏలిన ఈ చేలలోకి కదిరి-6, నారాయణి, ధరణి వంటి రకాలు వచ్చాయంటే అది ఇలాంటి ఓపికైన ఎంపిక వల్లనే. నా మట్టుకు నాకు ఈ రెండో దారి మీదే గురి. జన్యు గుర్తులు ఆ ఎంపికను వేగవంతం చేస్తే ఇంకా మంచిది. పత్రికలలో మాత్రం ఎప్పుడూ మొదటి దారి గురించే పెద్ద అక్షరాలలో వస్తుంది.

పత్రికల మాట వచ్చింది కనుక జన్యు సవరణ గురించి కూడా రాయాలి. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. రెండింటికీ పునాది మన రాష్ట్రపు రకాలే. మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010 మీద ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పనిచేసి, బెట్టకూ చౌడుకూ సంబంధించిన ఒక జన్యువును సవరించి పూసా డీఎస్‌టీ రైస్-1 తయారుచేసింది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి మీద హైదరాబాదు వరి పరిశోధన సంస్థ పనిచేసి, గింజల సంఖ్యను అదుపుచేసే జన్యువును సవరించి డీఆర్ఆర్ ధాన్ 100 తయారుచేసింది. వేరే జీవి జన్యువు చివరికి మొక్కలో మిగలని ఇటువంటి సవరణలకు 2022 మార్చి 30 నాటి కేంద్ర ఉత్తర్వు జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనలలో కొన్నింటి నుంచి మినహాయింపు ఇచ్చింది. శాస్త్రపరంగా ఆ తేడా నాకు అర్థమవుతుంది. బీటీ పత్తిలో బాక్టీరియా జన్యువును తెచ్చి పెట్టారు, ఇక్కడ ఉన్న అక్షరాన్నే కొట్టివేశారు. కాని మినహాయింపు దొరికింది అనుమతి మెట్లకే తప్ప, వివరాలు చెప్పడానికి కాదు. ఎన్ని చోట్ల, ఎన్ని పంటకాలాలు వేశారు, సవరించని మూలరకం పక్కనే ఎంత పండింది, ఎక్కడ తక్కువ పండింది అన్న లెక్కలు మామూలు రైతు చదవగలిగే తెలుగులో ఉండాలి. ఆ సవరణ పనిముట్టు మీద విదేశాలలో మేధోహక్కులు ఉన్నవారు ఉన్నారు. వారికి చెల్లించవలసింది ఏదైనా ఉంటే అది విత్తనం సంచి ధరలోకి వస్తుందా రాదా అన్నది కూడా మొదటే చెప్పాలి. మా ఊరి రచ్చబండ మీద "జీన్లు కోసిన వడ్లు తింటే ఏమవుతుందో" అన్న మాట ఇప్పటికే నడుస్తోంది. వివరం లేని చోట భయమే వివరంగా చలామణీ అవుతుంది.

ఇలా వివరంగా చెప్పి చేసిన పనికి రైతు ఎలా స్పందిస్తాడో తెలియాలంటే మెరుగుపరచిన సాంబ మసూరిని చూడండి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్స్ఏ-21, ఎక్స్ఏ-13, ఎక్స్ఏ-5 అనే మూడు జన్యువులను జన్యు గుర్తుల సాయంతో సాంబ మసూరిలోకి చేర్చాయి. 2008లో విడుదలైన ఆ రకం బాక్టీరియా ఎండాకు తెగులును అడ్డుకొంటుంది. అందులోని ఎక్స్ఏ-21 ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. మూడు జన్యువులు ఎందుకంటే, ఒక్కదానినే నమ్ముకొంటే తెగులు కారకం కొన్నేళ్లలో దాన్ని దాటే దారి వెతుక్కుంటుంది. మూడు తాళాలను ఒకేసారి తీయడం కష్టం. గులాబీ రంగు పురుగు బీటీ పత్తిని ఎలా దాటిందో చూసినవారికి ఈ జాగ్రత్త విలువ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ రకంలో అన్నం మారలేదు, పేరులో కూడా సాంబ మసూరి మిగిలింది. ఏ తెగులుకు అన్నది స్పష్టంగా చెప్పారు. అగ్గి తెగులుకు కాదు, దోమకు కాదు అన్నది కూడా స్పష్టమే.

అగ్గి తెగులు అన్నాను కనుక రాగి గురించి ఒక్క మాట. సంగటి లేనిదే పూట గడవని జిల్లా మాది. రాగికీ అగ్గి తెగులు ఉంది, అది వెన్నులో మెడవిరుపుగా వస్తే గింజ తాలుపోతుంది. రాగి జన్యుక్రమం 2017లో బెంగళూరు నుంచి వచ్చింది, పెరుమాళ్లపల్లె కేంద్రం వకుళ వంటి రకాలు ఇచ్చింది. ఈ రెండు పనుల మధ్య, అంటే అగ్గి తెగులును అడ్డుకొనే జన్యువులను గుర్తించి మన రకాలలో ఒకటికి రెండుగా పేర్చే పనికి వరికి పెట్టే ఖర్చులో పదోవంతు పెట్టినా మాకు చాలు. ఇది నా కోరిక మాత్రమే, ఫిర్యాదు కాదు.

ఇక నేను అడగదలచుకొన్న అసలు విషయం. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టంలో 39వ సెక్షన్ మొదటి భాగం అందరికీ తెలిసిందే: రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, ముద్ర పేరు లేకుండా అమ్ముకోవచ్చు. ఇంటి కాయలనే విత్తనానికి ఒలుచుకొనే శెనక్కాయ రైతుకు ఇది ప్రాణం లాంటిది. అదే సెక్షన్ రెండో భాగాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. చట్టం కింద నమోదైన రకపు విత్తనాన్ని రైతుకు అమ్మేటప్పుడు, ఏయే పరిస్థితులలో అది ఎలాంటి ఫలితం ఇస్తుందో ప్రజననకారుడు వెల్లడించాలని, ఆ ఫలితం రాకపోతే రైతు పరిహారం కోరవచ్చని అందులో ఉంది. "ఏయే పరిస్థితులలో" అన్న ఆ మాటే ఈ లేఖకు కారణం. నా టమోటా డబ్బా మీద లేనిది ఆ పరిస్థితే.

మీరు విడుదల చేసే ప్రతి రకానికీ తెలుగులో ఒక్క కాగితం రాయండి. దేన్ని తట్టుకొంటుందో తెగులు పేరు, దాన్ని మోసే పురుగు పేరుతో సహా రాయండి. నిరోధిస్తుందా, తట్టుకొంటుందా అన్న తేడాను దాచకండి. 9 మార్కుల మీద ఎంత వచ్చిందో ఆ అంకె వేయండి, ఆ పక్కనే మేము రోజూ వేసే రకానికి ఎంత వచ్చిందో వేయండి. తెగులును మీరే అంటించి చూశారా, చేనులో దానంతట అది వచ్చినప్పుడు చూశారా అన్నది చెప్పండి. బెట్ట అయితే ఏ దశ బెట్టో, ఏ నేలో చెప్పండి. ఏ తెగుళ్లకు లొంగిపోతుందో కూడా అదే కాగితం మీద, అదే సైజు అక్షరాలలో రాయండి. రైతు సేవా కేంద్రం గోడకు ఆ కాగితం అంటించి ఉంటే, మా పిల్లలైనా చదివి చెబుతారు.

రైతుకు ఇంత వివరం అక్కరలేదు, ఒక్కమాట చెబితే చాలు అని మీలో కొందరు అనవచ్చు. పురుగుమందు డబ్బా మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలలో ఏది ఎంత విషమో మా ఊరిలో అక్షరం రానివాడు కూడా చెబుతాడు. తెలుసుకోవలసిన అవసరం ఉన్నదాన్ని మనిషి ఎలాగైనా తెలుసుకుంటాడు.

రెండో విన్నపం ప్రయోగాల చోటు గురించి. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఒకే నేల కాదు. శ్రీకాళహస్తి వైపు ఈశాన్య వానలు ముంచెత్తుతాయి. పలమనేరు, కుప్పం వైపు ఎత్తైన చల్లటి మిట్టలు, నైరుతి వానలు, అవి కూడా మధ్యలో మూడు వారాలు మొహం చాటేస్తాయి. తిరుపతి క్షేత్రంలో నీళ్లు ఆపి సృష్టించిన బెట్టకూ, మా మిట్ట మీద ఆగస్టులో పడే బెట్టకూ పోలిక ఎంతో మీరే చెప్పాలి. విడుదలకు ముందు రెండు పంటకాలాలైనా పడమటి మండలాల రైతుల చేలలో, రైతు ఎరువుతో, రైతు చేతి కలుపుతో ఆ రకాన్ని వేసి చూడండి. పండకపోతే ఆ లెక్కను కూడా కాగితం మీదికి ఎక్కించండి. మీ క్షేత్రంలో గెలిచిన రకం మా మిట్టలో ఓడితే అందులో మీకు తలవంపు ఏమీ లేదు, ఎందుకు ఓడిందన్నది మీకు మరో పరిశోధనకు పనికొస్తుంది.

అడగడమే కాకుండా నా వంతు కూడా చెబుతున్నాను. నా ఐదెకరాల మిట్టలో తూర్పు గట్టు పక్కన అర ఎకరం ఉంది. ఎర్ర గరుసు నేల, అడుగున్నరకు బండ, గట్టు నిండా వయ్యారిభామ, పక్క కయ్యలో టమోటా. మీ రకాలకు పరీక్ష పెట్టడానికి ఇంతకంటే కఠినమైన చోటు దొరకదు. కౌలు అక్కరలేదు. వాన లెక్క, పూత తేదీ, తెగులు కనిపించిన రోజు నేనే నోటు పుస్తకంలో రాసిపెడతాను, ఆ అలవాటు నాకు బడిలో హాజరు పట్టీ నాటి నుంచి ఉంది. మే నెలాఖరులోగా కబురు చేస్తే, తొలకరికి ముందే పశువుల ఎరువు తోలి దుక్కి చేసి ఉంచుతాను. వయ్యారిభామను మాత్రం మీరు చెప్పేదాకా పీకించను.

ఇట్లు,
పలమనేరు మండలపు ఒక శెనక్కాయ రైతు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు